నంబర్ తాళం: రీసెట్ చేయడం వేరు, మరిచిపోయిన నంబరు పట్టుకోవడం వేరు

అలిపిరి నుంచి నడిచి కొండెక్కేవాళ్లు సామాను మోసుకెళ్లక్కర్లేదు. కింద కౌంటర్లో అప్పగిస్తే ఉచితంగానే పైకి చేరుస్తారు. 3,550 మెట్లూ ఎక్కి, రసీదు చూపించి బ్యాగు తీసుకుని, గదిలో కూర్చుని తాళం తీయబోతే రాదు. పొద్దున వేసిన నంబరే తిప్పుతారు. బటన్ కదలదు. రైల్వే క్లోక్‌రూముల్లో తాళం లేని పెట్టె తీసుకోరు గనక తిరుపతి స్టేషన్ దగ్గరా ఇదే అవస్థ. రేణిగుంట విమానాశ్రయంలో అయితే ఇంకా తొందర. చెక్-ఇన్ సామానులో పవర్‌బ్యాంక్ ఉందని స్కానర్‌లో తేలితే, బ్యాగు తెరిచి బయటికి తీయాల్సిందే.

అప్పుడు ఫోన్‌లో వెతికితే కనిపించేవన్నీ ‘రీసెట్’ వీడియోలు. పిన్నుతో రంధ్రంలో నొక్కండి, మీటను పక్కకు జరపండి అంటాయి. ఎంత నొక్కినా ఏమీ కాదు. తాళం చెడిపోయిందనుకుంటారు. నిజానికి తాళం బాగానే ఉంటుంది. రీసెట్ అనే మాటే తప్పుదారి పట్టిస్తుంది. ఫోన్‌ని రీసెట్ చేస్తే పాతదంతా చెరిగిపోయి కొత్తదానిలా తయారవుతుంది కదా, తాళమూ అంతేననుకుంటాం. నంబర్ తాళంలో రీసెట్ అంటే తెలిసిన నంబరును తీసేసి ఇంకొకటి పెట్టుకోవడం. తెలియని నంబరును కనుక్కోవడం పూర్తిగా వేరే పని. ఈ తేడా ఎందుకొచ్చిందో అర్థం కావాలంటే లోపలికి చూడాలి.

చక్రం ఒకటి కాదు, రెండు

మన చిత్తూరు వైపు తాళాన్ని బీగం అనేవాళ్లు, తాళంచెవిని బీగంచెవి అనేవాళ్లు ఇంకా ఉన్నారు. నంబర్ తాళం బీగంచెవి లేని బీగం. చెవి చేసే పనిని ఇందులో చక్రాలు చేస్తాయి.

బయటికి కనిపించే చక్రం మీద 0 నుంచి 9 దాకా అంకెలుంటాయి. దాని లోపల మనకు కనపడని బిళ్ల ఒకటి ఉంటుంది. ఆ బిళ్ల అంచున ఒకచోట గాడి కోసి ఉంటుంది. మూడు చక్రాల తాళంలో మూడు బిళ్లలు, మూడు గాడులు. వాటి పక్కన గడియ. మూడు గాడులూ గడియకు ఎదురుగా వచ్చినప్పుడే గడియ జరగడానికి చోటు దొరుకుతుంది. ఒక్క గాడి పక్కకున్నా బిళ్ల అంచు గడియకు అడ్డుపడుతుంది.

ఇక్కడే అసలు కిటుకు. బయటి చక్రమూ లోపలి బిళ్లా పళ్లతో ఒకదాన్నొకటి పట్టుకుని కలిసి తిరుగుతాయి. వాటిని విడదీసి పది రకాలుగా మళ్లీ కలపొచ్చు. మీ నంబరు 4-7-1 అనుకోండి. తాళంలో ఎక్కడా 471 అని రాసి ఉండదు. మొదటి బిళ్ల గాడి గడియ దగ్గరికి వచ్చినప్పుడు బయటి చక్రం మీద 4 కనపడేలా ఆ రెండూ పట్టుకుని ఉన్నాయి, అంతే. తాళానికి తెలిసింది గాడి ఎక్కడుందో మాత్రమే. అంకెలు మన గుర్తు కోసం.

రీసెట్ అంటే ఆ పళ్ల పట్టు విడిపించి, బిళ్లను కదలనీయకుండా బయటి చక్రాన్ని మాత్రం తిప్పి, మళ్లీ పట్టించడం. గడియారంలో ముల్లును అలాగే ఉంచి వెనక అంకెల పళ్లెం తిప్పినట్టు. దీన్నుంచి రెండు విషయాలు వాటంతటవే తేలతాయి. ఒకటి, గాడులన్నీ సరైన చోట ఉన్నప్పుడే, అంటే పాత నంబరు మీద తాళం తెరిచి ఉన్నప్పుడే, రీసెట్‌కు అర్థం ఉంటుంది. చాలా మోడళ్లలో వేరే నంబరు మీద ఉంటే పిన్ను లోపలికే పోదు. రెండు, కంపెనీ నుంచి వచ్చేటప్పుడు ఉండే 0-0-0 లోపలెక్కడా దాగి ఉండదు. ఒకసారి మార్చారంటే అది పోయినట్టే. అయితే మార్చామనుకుని సరిగ్గా మార్చనివాళ్లు చాలామంది. అందుకే మొరాయించిన తాళం మీద మొట్టమొదట 0-0-0 తిప్పి చూడటం దండగ కాదు.

రీసెట్ రకాలు

ట్రాలీ బ్యాగు పక్కన బిగించి వచ్చే తాళాల్లో చక్రాల దగ్గర సన్నటి రంధ్రం ఉంటుంది. తాళం తెరిచి, పాత నంబరు మీదే ఉంచి, బాల్‌పెన్ మొనతో లోపలి పిన్నును క్లిక్ అనేదాకా నొక్కితే అది లోపలే ఉండిపోతుంది. కొత్త నంబరు తిప్పి, తెరిచే బటన్‌ను ఒకసారి జరిపితే పిన్ను బయటికి వస్తుంది. ఆ రెండో చప్పుడు వినపడకపోతే పని పూర్తికానట్టే.

పాత గట్టి సూట్‌కేసుల్లో, బ్రీఫ్‌కేసుల్లో తాళం వెనకవైపు, అంటే మూత లోపల, చిన్న మీట ఉంటుంది. ఒకవైపు జరిపితే చక్రాలు విడిపోతాయి, నంబరు పెట్టి వెనక్కి జరిపితే పట్టుకుంటాయి. రెండు తాళాలున్న బ్రీఫ్‌కేసులో ఏ తాళం నంబరు దానిదే. ఒకవైపు మార్చి రెండోవైపు వదిలేయడం మామూలుగా జరిగే పొరపాటు.

వేలాడే చిన్న నంబరు తాళంకప్పల్లో రీసెట్ చేసేది వంపు కడ్డీతోనే. తెరిచాక కడ్డీని పావు చుట్టు, కొన్నిట్లో అర చుట్టు తిప్పి కిందికి నొక్కిపెట్టి, నంబరు మార్చి, వదిలి, యథాస్థానానికి తేవాలి. నొక్కిన వేలు మధ్యలో జారితే ఒక చక్రం కొత్త అంకె మీద, మిగతావి పాత అంకెల మీద పట్టుకుంటాయి. కప్ప మొరాయిస్తే పాత, కొత్త నంబర్లను కలిపి చూడాలి. పాతది 0-0-0, కొత్తది 4-7-1 అయితే 4-0-0, 4-7-0, 0-7-1 వంటివన్నీ కలిపి ఎనిమిదే.

ఎవరూ మార్చకుండానే నంబరు ఎలా మారుతుంది

‘నిన్నటిదాకా పనిచేసింది, ఇవాళ రాలేదు’ అనే ఫిర్యాదు వెనక ఎక్కువగా ఉండేది ఆ మూత లోపలి మీట. బట్టలు కుక్కినప్పుడు చీర మడతో చెప్పు అంచో దాన్ని జరిపేస్తుంది. చక్రాలు బిళ్లల నుంచి విడిపోతాయి. మీరు 4-7-1 మీద మూత వేసి, అలవాటుగా చక్రాలను 8-2-0కి తిప్పారు. బిళ్లలు కదల్లేదు గనక తాళం పడలేదు. ఏ నంబరు మీదైనా బటన్ జరుగుతోందంటే తాళం రీసెట్ స్థితిలో ఉందని అర్థం. ఈ గుర్తు పోల్చుకుంటే బ్యాగు తెరిచి ఉండగానే సరిచేసుకోవచ్చు. పోల్చుకోకుండా పెట్టె ఎత్తి దించేటప్పుడు లోపలి సామాను మీటను వెనక్కి నెట్టిందా, అప్పుడు చక్రాలు ఎక్కడున్నాయో అదే కొత్త నంబరు. అది 8-2-0 కావొచ్చు, మధ్యలో పిల్లలు తిప్పి ఉంటే ఇంకేదైనా కావొచ్చు.

రెండో కారణం ఇంకా సూక్ష్మం. రీసెట్ చేసేటప్పుడు అంకె సరిగ్గా గీత మీద కాకుండా రెండు అంకెల మధ్య నిలిస్తే, పళ్లు పక్క గడిలో పట్టుకుంటాయి. మీరు 7 అనుకున్నది 6 గానో 8 గానో కూర్చుంటుంది. ఒక్క చక్రమే అలా తప్పి ఉంటే చూడాల్సినవి ఆరు: 3-7-1, 5-7-1, 4-6-1, 4-8-1, 4-7-0, 4-7-2. మూడు చక్రాలూ ఒక్కో గడి అటో ఇటో అయ్యే అవకాశం కలుపుకున్నా మొత్తం 27. వెయ్యిలో 27 అంటే రెండు మూడు నిమిషాల పని.

మూడోది చదవడంలో తప్పు. గుండ్రటి చక్రాల కప్పలో అంకెలు కప్ప మీద గీసిన గీతకో చుక్కకో ఎదురుగా రావాలి. ఆ గుర్తు చెరిగిపోయినా, చీకట్లో కప్పను తిరగేసి పట్టుకున్నా వేరే వరస చదువుతాం. సరిగ్గా అవతలి వైపు చదివితే ప్రతి అంకెకూ అయిదు తేడా వస్తుంది. 4-7-1 కాస్తా 9-2-6 అవుతుంది. ఇలాంటి తప్పు మూడు చక్రాల్లోనూ ఒకేలా ఉంటుంది గనక, గుర్తున్న నంబరు పెట్టి మూడింటినీ కలిపి ఒక్కో గడి తిప్పుతూ పోతే పది ప్రయత్నాల్లో తేలిపోతుంది.

నంబరు సరైనదే, గడియే ఇరుక్కుంది

తిరుగు ప్రయాణంలో ఇది ఎక్కువ. లడ్డూల కవర్లు, కొన్న బట్టలు, దుప్పటి అన్నీ ఒకే బ్యాగులో దూర్చి, జిప్పును బలంగా లాగి, రన్నర్ల నాలుకలను తాళంలో గుచ్చుతాం. లోపలి ఒత్తిడికి జిప్పు విచ్చుకోబోతుంది. రన్నర్లు నాలుకలను లాగుతాయి, నాలుకలు గడియను బిగపడతాయి. గాడులన్నీ వరసలో ఉన్నా బటన్ జరగదు. నంబరు తప్పని చక్రాలు తిప్పడం మొదలుపెడితే ఉన్న దారీ పోతుంది.

బ్యాగును పడుకోబెట్టి, తాళం దగ్గర మూతను మోకాలితో అదిమి, బొటనవేలితో రన్నర్ల నాలుకలను తాళంలోకే ఇంకొంచెం నెడుతూ బటన్ జరిపితే ఒత్తిడి పోయి గడియ వదులుతుంది. ఇది ఎవరైనా చేయగలిగింది, దేన్నీ పాడుచేయనిది. అందుకే మిగతా ఏ ఉపాయానికన్నా ముందు దీన్ని చూడటం మేలు.

దుమ్ము పట్టి బిగుసుకున్న తాళంలో కొబ్బరినూనె పోయడం మన ఇళ్లలో అలవాటు. ఆ రోజుకు పని జరుగుతుంది. కొన్నాళ్లకు ఆ జిడ్డు దుమ్మును పట్టుకుని ముద్ద కట్టి, బిళ్లలను మరింత బిగిస్తుంది. పెన్సిల్ ముల్లును గీకిన పొడి, అదే గ్రాఫైట్, జిడ్డు లేకుండా జారుడు ఇస్తుంది.

నిజంగానే మరిచిపోతే: వరసగా వెతికే లెక్క

మూడు చక్రాల తాళంలో 000 నుంచి 999 దాకా వెయ్యి నంబర్లు. వినడానికి చాలా అనిపిస్తుంది. మొదటి రెండు చక్రాలను 0-0 మీద ఉంచి మూడోదాన్ని 0 నుంచి 9 దాకా తిప్పుతూ ప్రతి అంకె దగ్గరా బటన్‌ను తట్టి చూస్తే పదింటికి 12 సెకన్లు పడుతుందనుకుందాం. అలాంటి పదులు వంద. 1,200 సెకన్లు, అంటే 20 నిమిషాలు. సగటున సగంలోనే దొరుకుతుంది. నాలుగు చక్రాలైతే పది వేలు. అదే వేగంతో మూడు గంటల 20 నిమిషాలు, వేళ్ల నొప్పి అదనం.

వెతుకులాట విఫలమయ్యేది ఎక్కువగా తొందర వల్లే. అంకె గీత మీదికి పూర్తిగా రాకముందే బటన్ నొక్కి దాటేస్తారు. సరైన నంబరు అలా ఒకసారి జారిపోతే మిగతా వందలన్నీ వృథా. వంద పూర్తయినప్పుడల్లా ఎక్కడిదాకా వచ్చామో కాగితం మీద రాసుకుంటే, ఒకరు అలిసిపోయాక ఇంకొకరు అందుకోవచ్చు.

అంతకన్నా మంచి దారి, తలలో ఉన్నదానితో వెతుకులాటను కుదించడం. 1, 0, 8 అంకెలని గుర్తుండి వరస గుర్తులేకపోతే ఆరు ప్రయత్నాలు చాలు. నాలుగు చక్రాల మీద ఇంట్లో ఎవరిదో పుట్టినరోజు, తేదీ తర్వాత నెల పెట్టి ఉంటే అన్ని తేదీలూ కలిపి 366. ఒక్కోదానికి అయిదు సెకన్లు వేసుకున్నా అరగంట. పుట్టిన సంవత్సరమైతే 1940 నుంచి 2025 దాకా 86 మాత్రమే. ఏడుకొండలని 7-7-7, నూట ఎనిమిదని 1-0-8 పెట్టుకునేవాళ్లు తక్కువేం కాదు. మరిచిపోయినవారికి ఈ అలవాటు వరం. దొంగకూ అంతే వరం.

గాడిని కంటితో పట్టుకోవడం

వెయ్యిని పదికి తగ్గించే ఉపాయం ఒకటుంది. చక్రానికీ తాళం చట్రానికీ మధ్య సన్నటి సందు ఉంటుంది. ఫోన్ టార్చి వేసి ఆ సందులోంచి చూస్తూ ఒక్కో చక్రాన్ని నెమ్మదిగా తిప్పితే, పది అంకెల్లో ఒకదాని దగ్గర లోపలి బిళ్ల మీద పల్లమో చదునో గాడో కనపడుతుంది. అది ఏ అంకె దగ్గర వచ్చిందో రాసుకోవాలి.

మొదటి చక్రంలో 2 దగ్గర, రెండోదాంట్లో 5 దగ్గర, మూడోదాంట్లో 9 దగ్గర కనపడిందనుకోండి. 2-5-9 పెడితే తాళం రాకపోవచ్చు. మనం చూస్తున్న చోటు గడియ ఉన్న చోటు కాదు. కానీ మూడు గాడులూ ఇప్పుడు ఒకే వరసలో ఉన్నాయి. వాటిని చెదరగొట్టకుండా మూడు చక్రాలనూ కలిపి ఒక గడి తిప్పితే 3-6-0, ఇంకో గడి తిప్పితే 4-7-1. ఆ వరస గడియకు ఎదురుగా వచ్చేసరికి బటన్ జరిగింది. మొత్తం పది ప్రయత్నాలకు మించదు. అంకెలు పైపైనివి, గాడే అసలుదని మొదట చెప్పుకున్న మాటకు ఇదే రుజువు.

చూపు అందకపోతే స్పర్శ. బటన్‌ను చాలా తేలిగ్గా నొక్కిపెట్టి చక్రాలను తిప్పితే ఒకటి మిగతావాటికన్నా బిగువుగా తిరుగుతుంది. గడియ మొదట ఒరుసుకుంటున్నది దానికే. దాన్ని తిప్పుతూ పోతే ఒక అంకె దగ్గర బటన్ వెంట్రుకవాసి లోపలికి దిగుతుంది. తర్వాత బిగువైన చక్రం, తర్వాత ఇంకోటి. గట్టిగా నొక్కితే అన్నీ బిగుసుకుని ఏదీ తెలియదు.

ఈ రెండూ అన్ని తాళాల మీదా పారవు. మేలురకం వాటిలో సందు మూసేస్తారు, బిళ్లల మీద మోసపు గాడులు కూడా కోస్తారు. ‘ఏ సూట్‌కేసైనా రెండు నిమిషాల్లో’ అనే వీడియోల్లో చూపించేది బాగా వదులైన చవక తాళాన్ని.

అయితే తాళం ఎందుకు?

ఇవన్నీ విన్నాక ఒక వర్గం వాదన ఇలా ఉంటుంది: తాళానికి పెట్టే డబ్బు దండగ. జిప్పు పళ్ల మధ్య బాల్‌పెన్ గుచ్చితే బ్యాగు విచ్చుకుంటుంది, ఇక తాళం ఎంత గట్టిదైతే ఏం? అందులో నిజం ఉంది. రెండు రన్నర్లను ఒక కప్పతో కలిపి వదిలేస్తే, జిప్పు విప్పినవాడు ఆ రన్నర్లనే అటూ ఇటూ లాగి మళ్లీ మూసేయగలడు కూడా. తెరిచిన ఆనవాలే మిగలదు.

ఇంకో వర్గం చెప్పేదీ తీసిపారేయలేం. క్లోక్‌రూములో, వ్యానులో, ధర్మసత్రం హాల్లో బ్యాగు చాలా చేతులు మారుతుంది. అక్కడ భయం పనిగట్టుకుని వచ్చే దొంగ గురించి కన్నా, చేయి పెట్టి చూద్దామనే క్షణికమైన ఆశ గురించే ఎక్కువ. దాన్ని ఆపడానికి నంబర్ తాళం చాలు. ఎత్తి దించేటప్పుడు జిప్పు తనంతట తాను ఊడకుండానూ ఆపుతుంది. రన్నర్లను బ్యాగుకే బిగించి ఉంచే తాళమైతే జిప్పును పెన్నుతో విప్పినా మళ్లీ అతికించడం కష్టం గనక, కనీసం తెలుస్తుంది. రెండు వాదనలూ బట్టల బ్యాగు వరకు సరిపోతాయి. నగలు, పాస్‌పోర్టు, డబ్బు అలాంటి తాళం వెనక ఉండదగినవి కావన్న దాంట్లో మాత్రం ఇద్దరికీ తేడా లేదు.

టీఎస్ఏ అని రాసి ఉండే తాళాల దగ్గర ఇంకో అయోమయం. చక్రాల పక్కన తాళంచెవి రంధ్రం ఉంటుంది, చెవి మాత్రం కొన్నప్పుడు ఇవ్వరు. షాపువాడు మరిచిపోయాడని గొడవపడేవాళ్లున్నారు. ఆ చెవి కొనేవారికి ఇచ్చేది కాదు. 2001లో అమెరికా ఏర్పాటు చేసిన రవాణా భద్రతా సంస్థ (అదే టీఎస్ఏ) సామాను తనిఖీ కోసం తాళాలు పగలగొట్టకుండా, ఒక మాస్టర్ చెవితో తెరిచి మళ్లీ వేసేందుకు పెట్టిన ఏర్పాటు అది. 007 వంటి అంకె ఏ చెవి వాడాలో అధికారికి చెప్పే గుర్తు, మీ నంబరుతో దానికి సంబంధం లేదు. ఆ చెవితో తెరిచినా మీ నంబరు మారదు. 2014లో ఆ మాస్టర్ చెవుల ఫోటో ఒక పత్రికలో వచ్చింది. మరుసటి ఏడాదికల్లా వాటిని త్రీడీ ప్రింటర్‌తో చేసుకునే ఫైళ్లు ఇంటర్నెట్‌లోకి వచ్చేశాయి. అంచేత భద్రతలో ఇది మామూలు నంబర్ తాళం కన్నా మెరుగని చెప్పలేం. అమెరికా వెళ్లే బ్యాగుకు మాత్రం, తనిఖీలో తాళం పగలకుండా ఉండేందుకు పనికొస్తుంది.

ఏదీ పనిచేయనప్పుడు

మిగిలేది కోయడమే. ఏది కోస్తే తక్కువ నష్టమన్నది ప్రశ్న. స్క్రూడ్రైవర్ పెట్టి తాళాన్ని పెకిలిస్తే చట్రం పగులుతుంది, గట్టి ప్లాస్టిక్ బ్యాగైతే డొల్లకే బీట పడుతుంది. తాళంలో చిక్కుకున్నది రన్నర్ల నాలుకలే కదా. నాలుకను రన్నర్‌కు కలిపే సన్నటి కొక్కీని కటింగ్ ప్లయర్‌తో తుంచితే జిప్పు స్వేచ్ఛగా జరుగుతుంది. బ్యాగుల రిపేరు షాపులో పోయేది రన్నర్ల ఖర్చే. వేలాడే కప్పయితే కప్పనే తుంచడం.

బిగించిన తాళం ఇలా కోసినా బతికే ఉంటుంది. బ్యాగు తెరుచుకుంది గనక లోపలి గుడ్డ జిప్పు తీసి, తాళం వెనక మూత స్క్రూలు విప్పితే చాలా మోడళ్లలో బిళ్లలు నేరుగా కనపడతాయి. ఒక్కో చక్రాన్ని తిప్పి గాడులు గడియకు ఎదురుగా తెచ్చి, ముందువైపు గీత మీద ఏ అంకెలున్నాయో చూస్తే మరిచిపోయిన నంబరు అక్కడే ఉంటుంది. ఇప్పుడు పిన్ను నొక్కితే లోపలికి పోతుంది. కొత్త నంబరు పెట్టాక మూత వేయకముందే, తెగిపోయిన నాలుకల్లో ఒకదాన్ని ఉత్తినే గుచ్చి, చక్రాలు చెదరగొట్టి, రెండు మూడుసార్లు తెరిచి చూడాలి. తర్వాతే బట్టలు సర్దడం.